వాన తరిమిన సాయంత్రం

ప్రశ్న: అక్కా, నాకు 44 ఏళ్లు. మాదాపూర్‌లో ఒక కార్యాలయంలో లెక్కలు చూస్తాను, ఇల్లు కూకట్‌పల్లిలో. నిరుడు రక్తపరీక్షలో చక్కెర హద్దు మీద ఉందని తేలింది. మందులు వద్దు, రోజూ నడవమని డాక్టరు చెప్పారు. అప్పటినుంచి చేతి గడియారంలో పదివేల అడుగులు నిండేదాకా పార్కు చుట్టూ తిరుగుతున్నాను. చేదు మాత్ర మింగినట్టే ఉంటుంది.

మొన్న జూన్‌లో ఒక సాయంత్రం నడుస్తుండగా ఒక్కసారిగా వాన ముంచుకొచ్చింది. చెప్పులు చేత పట్టుకుని గేటుదాకా పరిగెత్తాను. చేరేసరికి నవ్వు ఆగలేదు. భువనగిరిలో బడి నుంచి ఇంటికి ఇలాగే పరిగెత్తేదాన్ని. ఎన్నేళ్ల తర్వాతో ఒళ్లు తేలికైపోయింది. మర్నాడు మళ్లీ అదే దారిలో, దాని కోసమే పరిగెత్తాను. ఆయాసం వచ్చింది గానీ ఆ సంతోషం రాలేదు. అందరూ చూశారు. మావారు "ఈ వయసులో ఇదేమిటి" అన్నారు. మా అమ్మాయికి 13 ఏళ్లు, ఫోనులోంచి తలెత్తదు. తనతో కలిసి ఆడమని మా చెల్లెలి సలహా. తాడాట కూడా ప్రయత్నించాను. రాయడానికి సిగ్గుగా ఉంది, గెంతితే బట్టలు తడుస్తున్నాయి. నాకు రెండు కాన్పులు. ఆ సాయంత్రం మళ్లీ రావాలంటే ఏం చేయాలి? లేక అది చిన్నతనంతోనే పోయిందనుకుని ఊరుకోవాలా?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ "చెప్పులు చేత పట్టుకుని" అన్నచోట ఆగాను. వాన వస్తే చెట్టు కిందికో గొడుగు కిందికో చేరే వయసులో చెప్పులు విప్పి చేత పట్టుకున్నారంటే, మీలోంచి ఏదీ ఎక్కడికీ పోలేదు. కనుక ఆఖరి ప్రశ్నకు ముందే జవాబు: ఊరుకోనక్కర్లేదు. మొదటి ప్రశ్నే కాస్త చిక్కుది.

ఆ సాయంత్రానికీ మర్నాటికీ తేడా ఎక్కడ వచ్చిందో చూడండి. దారి అదే, కాళ్లు అవే. మొదటిరోజు మిమ్మల్ని వాన తరిమింది. గేటు ముందా చినుకు ముందా అనే పందెం మీకు తెలియకుండానే పడిపోయింది. మర్నాడు తరిమేవాళ్లు లేరు, చేరవలసిన చోటు లేదు. సంతోషం వస్తోందా లేదా అని లోపలికి తొంగిచూసుకుంటూ పరిగెత్తారు. నిద్ర పట్టిందా లేదా అని చూసుకుంటూ పడుకున్నవాళ్లకు ఎప్పుడైనా నిద్ర పట్టిందా?

చిన్నప్పుడు మనం పరుగు అనే పని ఎన్నడూ చేయలేదు. దొంగను పట్టుకోవడానికి పరిగెత్తాం, దొంగకు దొరక్కుండా పరిగెత్తాం, తెగిన గాలిపటం వెంట పరిగెత్తాం, పుల్ల ఐసు బండి గంట వినబడితే పరిగెత్తాం. ఊరికే గుండ్రంగా అరగంట తిరగమని ఎవరైనా అని ఉంటే ఏడ్చేవాళ్లం. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మా బడిలో డ్రిల్లు మాస్టారు వేసే శిక్ష అదే, మైదానం చుట్టూ నాలుగు చుట్లు. నలభై దాటాక ఆ శిక్షను మనకు మనమే వేసుకుని వ్యాయామం అంటున్నాం.

మీ గడియారం గురించి ఒక మాట. పదివేల అడుగుల లెక్క ఏ వైద్యుడి గదిలోనూ పుట్టలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో ఒక సంస్థ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాంపో-కేయి, అంటే పదివేల అడుగుల మీటరు అని. అమ్మకం కోసం పెట్టిన పేరు ఆరు దశాబ్దాలుగా మన చేతికి గంట కట్టి తిప్పుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో అడుగుల లెక్కే లేదు. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ, వాటితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమన్నారు. ఆట కూడా ఆ శ్రమ కిందికే వస్తుంది. చక్కెర హద్దు మీద ఉంది కనుక నడక మానమని నేను అనను. వారంలో రెండు మూడు రోజులు మాత్రం గడియారాన్ని ఇంట్లో పెట్టి రండి.

ఒళ్లు తేలికైందన్నారు. దానికి ఎండార్ఫిన్లు అనే, ఒంట్లోనే తయారయ్యే హాయి రసాయనాలు కారణమని అందరూ చెబుతారు. ఒకప్పుడు నేనూ ఈ శీర్షికలోనే రాశాను, ఇప్పుడు దిద్దుకుంటున్నాను. రక్తంలో తిరిగే ఎండార్ఫిన్లు పెద్ద అణువులు. అవి మెదడులోకి సులువుగా దాటలేవు. పరిశోధకుల చూపు ఇప్పుడు మరో పదార్థం మీద ఉంది. దాని పేరు ఆనందమైడ్. అవును, మన ఆనందమే. 1992లో జెరూసలేంలో రఫాయెల్ మెషూలమ్ బృందం దాన్ని మెదడులో కనుగొని, సంస్కృత పదం మీదుగా ఆ పేరు పెట్టింది. ఇది కొవ్వులో కరిగే చిన్న అణువు కనుక మెదడులోకి సులువుగా వెళుతుంది. ఒక మోస్తరు వేగంతో పరిగెత్తినవాళ్లలో, సైకిలు తొక్కినవాళ్లలో అది పెరిగిందని 2003లోనే గమనించారు. నింపాదిగా నడిచినవాళ్లలోనూ, ఊపిరి అందనంత వేగంగా పరిగెత్తినవాళ్లలోనూ అలా పెరగలేదని తర్వాతి పరీక్షల్లో తేలింది. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ ఆ వేగం.

అయితే ఆ పరీక్షల్లో అరగంట, ముప్పావుగంట పరిగెత్తించారు. మీ గేటు పరుగు రెండు నిమిషాలైనా ఉండదు. కనుక మీ నవ్వు ఘనతనంతా ఆనందమైడ్‌కు కట్టబెట్టలేను. అందులో సగానికి పైగా వాన మీద పందెం గెలిచినందుకు వచ్చినదే.

జనం చూశారన్నారు. చూస్తారు మరి. పట్టించుకోకండి అని రాయడం నాకు సులువే, పార్కులో ఉండేది మీరు. ఈ నగరంలో నలభై దాటిన మగవాడు పరిగెత్తితే మారథాన్‌కు సిద్ధమవుతున్నాడని అనుకుంటారు. అదే వయసు ఆడమనిషి పరిగెత్తితే ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడుగుతారు. ఆ అడిగినవాళ్లే సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. అరవై ఏళ్ల అత్తగారు, ఆరేళ్ల మనవరాలు ఒకే వలయంలో, వీధి నడిమధ్యలో, వంగి లేస్తూ చప్పట్లు కొడుతూ గంటకు పైగా తిరుగుతారు. ఈ వయసులో ఇదేమిటని ఒక్కరూ అనరు. కోస్తా వైపు అట్లతద్దికి చీకటితో లేచి, అన్నం తిని, వీధుల్లో ఆటలాడి, చెట్టుకు కట్టిన ఉయ్యాలలు ఊగేవాళ్లు. ఆడవాళ్లు పెద్దయ్యాక కూడా ఆరుబయట ఆడుకోవాలని మన పెద్దలకు తెలుసు. పండుగ అని పేరు పెట్టి, ఒంటరిగా కాకుండా గుంపుగా పంపారు. ఆ కిటుకు మనం మిగతా రోజులకు కూడా వాడుకోవచ్చు. ఒంటరిగా పరిగెత్తితే జనం మనిషిని చూస్తారు. ఐదారుగురు ఆడుతుంటే ఆటను చూస్తారు. కాసేపటికి ఎవరు గెలిచారని అడుగుతారు.

2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపేసినప్పుడు ఒకసారి వెళ్లాను. జరీ అంచు చీర కట్టుకున్న ఒకావిడ రోడ్డు మధ్య తెల్లగీత మీద చేతులు చాపి, అడుగు పక్కకు పడకుండా నడుస్తోంది. వెనక ఆమె చెల్లెలో వదినో, "పడ్డావు, పడ్డావు" అని అరుస్తూ వస్తోంది. యాభైకి తక్కువ ఉండరు ఇద్దరూ. రోడ్డు ఖాళీ అవడమే తరువాయి, ఆట దానంతట అదే వచ్చేసింది.

ఇక మీరు సిగ్గుపడుతూ రాసిన సంగతి. ఇది నాకు కొత్త కాదు. ఉత్తరం చివర, మిగిలిన కాస్త చోటులో, ఇరుకైన అక్షరాలతో ఎంతోమంది రాస్తారు. కాన్పుల తర్వాత దగ్గినా తుమ్మినా గెంతినా చుక్కలు పడటం చాలామందిలో ఉంటుంది. చాలామందిలో ఉంది కనుక భరించాలని కాదు. మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కండరాలు వదులవడం వల్ల ఇది వస్తుంది, కండరాలు గనుక వ్యాయామంతో బిగుస్తాయి. మూత్రాన్నీ గాలినీ ఒకేసారి ఆపుకుంటున్నట్టుగా లోపలికి, పైకి బిగించండి. కొన్ని క్షణాలు పట్టి ఉంచి పూర్తిగా వదలండి. వదలడం కూడా అంతే ముఖ్యం. విడతకు ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు చేయాలి. ఊపిరి బిగబట్టకూడదు, పిరుదులు, తొడలు బిగించకూడదు. మూత్రానికి వెళ్లినప్పుడు మధ్యలో ఆపి సాధన చేయడం మంచిది కాదు. బస్సులో నిలబడి కూడా చేయవచ్చు, ఎవరికీ తెలియదు. తుమ్ము వచ్చే ముందు, గెంతే ముందు ఒకసారి బిగించి చూడండి, ఆ వెంటనే తేడా తెలుస్తుంది. మూడు నెలలకూ మార్పు లేకపోతే స్త్రీల వైద్యురాలికో, ఇదే పని నేర్పే ఫిజియోథెరపిస్టుకో చూపించుకోండి. మంట, రక్తం, కిందికి ఏదో జారుతున్న భావన ఉంటే మూడు నెలలు ఆగవద్దు. అప్పటిదాకా తాడు మేకుకు తగిలించండి గానీ ఆట ఆపకండి. పల్చని ప్యాడు పెట్టుకుని ఆడేవాళ్లు మా ఆదివారం ఆటల జట్టులో ముగ్గురున్నారు, నాతో కలిపి.

తరిమేవాళ్లను ఎక్కడి నుంచి తేవాలన్నది మిగిలింది. 1930లలో స్వీడన్‌లో గోస్టా హోల్మేర్ అనే శిక్షకుడు పరుగుకారులకు ఒక పద్ధతి నేర్పాడు. దాని పేరు ఫార్ట్‌లెక్, వారి భాషలో 'వేగంతో ఆట' అని అర్థం. చుట్లు లెక్కపెట్టరు. ఆ చెట్టుదాకా దూసుకుపోవడం, ఊపిరి కుదుటపడేదాకా మెల్లగా సాగడం, మనసుకు తోచినప్పుడు మళ్లీ దూసుకుపోవడం. పెద్ద పెద్ద పోటీలకు వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఇలా సాధన చేస్తారు. మీ పార్కుకు దీన్ని ఇలా మార్చుకోండి. ముందు నడుస్తున్న ఎర్ర చొక్కా ఆయన మలుపు తిరిగేలోగా నేను ఆ వేపచెట్టును ముట్టుకోవాలి. మెట్రో వంతెన మీద రైలు కనబడితే అది దాటిపోయేలోగా ఆ బెంచీ చేరాలి. ఎర్ర చొక్కా ఆయనకు ఈ పందెం సంగతి చెప్పనక్కర్లేదు. ఇలా నేను ఎందరు పెద్దమనుషులను ఓడించానో వాళ్లకు ఈనాటికీ తెలియదు.

భువనగిరి బండ నీడలో పెరిగిన మీకు 'నేలా బండా' ఆట నేర్పవలసిన పని లేదు. ఆ ఆటకు ఇంతకన్నా తగిన నగరం నాకు తోచదు. మన కాలి కింది గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. అపార్టుమెంట్లకు పగలగొట్టినవి పోగా ఖాజాగూడ గుట్టల్లో ఇంకా కొన్ని బండలు మిగిలాయి. చలికాలం పొద్దున నలుగురు కలిసి వెళ్లండి. చేతులు కూడా వాడి ఎక్కుతున్నప్పుడు ఆఫీసు లెక్కలు గుర్తుకు రావడం అసాధ్యం, నేను ప్రయత్నించి చూశాను. వాన పడి పాచి పట్టినప్పుడు వద్దు. ఎక్కిన దారిన దిగగలనా అని ఎక్కకముందే చూసుకోండి. అంత దూరం ఎందుకనుకుంటే కొత్తగూడ బొటానికల్ గార్డెన్ మీకు దగ్గరే. సిమెంటు బాట వదిలి మట్టి దారి పట్టండి, వేర్లు, ఎత్తుపల్లాలు పాదాలకు పని చెబుతాయి. ఫ్రేము సందులోంచి కాలు పెట్టి సైకిలు తొక్కిన బాపతు మీరైతే, ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు బాట ఉంది. పైన సౌర ఫలకాల కప్పు కనుక నెత్తిన ఎండ పడదు. వీధికుక్కలు వెంటపడితే మాత్రం ఆ తరిమే పందెంలోకి దిగకండి. ఆగి నిలబడి, వాటి కళ్లలోకి చూడకుండా, మెల్లగా నడిచి దాటాలి.

ఇప్పుడు నా తొడ కథ. 49వ ఏట, పాతికేళ్ల తర్వాత మొదటిసారి ఖోఖో ఆడాను. "ఖో" అని వీపు మీద చెయ్యి పడగానే ఒక్క ఉదుటున లేచాను. తొడ వెనక చిటుక్కుమంది. ఆరు వారాలు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాను. ఆట నా బుర్రకు గుర్తుంది, తొడకు గుర్తులేదు. కండరాలు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. వాటిని ఎముకలకు కట్టి ఉంచే తాళ్లలాంటి భాగాలకు నెలలు పడుతుంది. మధ్యలో ఆ నెలల్లోనే దెబ్బలు తగులుతాయి, ఎందుకంటే అప్పటికి మనకు ధైర్యం వచ్చేసి ఉంటుంది. మొదటి ఆరు వారాలు రెండు నిమిషాల నడక, ఒక నిమిషం మెల్లని పరుగు, ఇలా ఎనిమిదిసార్లు, వారానికి మూడు రోజులు చాలు. మెట్టు అంచున నిలబడి మునివేళ్ల మీద లేచి, మడమలను మెల్లగా కిందికి దించడం రోజూ చేయండి. మీ పూర్తి వేగంలో ముప్పావు వంతు దాటకండి, హఠాత్తుగా ఆగకండి. మోకాళ్లు అరిగిపోతాయని ఎవరైనా భయపెడితే, సరదాగా పరిగెత్తేవాళ్లలో ఆ అరుగుదల కూర్చుని ఉండేవాళ్లకంటే ఎక్కువగా కనిపించలేదని చెప్పండి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం వస్తే ఆ క్షణమే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒకసారి ముందుగానే గుండె పరీక్ష చేయించాలా అని మీ డాక్టరును అడగడం మేలు.

మీవారి గురించి ఎక్కువ రాయను. ఆ మాట కోపంతో అన్నారా, మీరు పడిపోతారేమోననే భయంతో అన్నారా అన్నది మీకే తెలుసు. ఏదైనా వాదన వద్దు. ఒకరోజు ఆయన చేతికి బంతి ఇచ్చి చూడండి.

మీ చెల్లెలి సలహాతో మాత్రం నాకు పేచీ ఉంది. అమ్మాయిని ఫోను నుంచి లాగడానికి మీరు ఆడితే అది ఆట కాదు, ఇంటిపని జాబితాలో ఇంకొకటి. తను ఆడుతోందా, తనకు నచ్చిందా అని చూస్తూ కూర్చుంటారు. మొదట మీ వయసువాళ్లను నలుగురిని పోగు చేయండి. కూకట్‌పల్లిలో ఒక అపార్టుమెంటులో నలుగురు దొరకకపోరు, పార్కులో చేదు మాత్రలు మింగుతున్నవాళ్లు మీరొక్కరే అనుకుంటున్నారా? అమ్మాయి పైనుంచి చూస్తుంది. ఏదో ఒకనాడు మీ ఆటలో తప్పు పట్టడానికి కిందికి దిగుతుంది.

హబ్సిగూడలో మా వీధి చివర ఖాళీ స్థలంలో ఆదివారం పొద్దున మేం తొమ్మిది మందిమి ఏడు పెంకులాట ఆడతాం. అందరికంటే చిన్నామెకు 38, పెద్దామెకు 67. జనవరిలో సూర్యుడు పావు తక్కువ ఏడుకు గానీ రాడు కనుక ఏడింటికి మొదలు, మే నెలలో ఆరింటికే. మీరు మొదలుపెట్టడానికి ఇంతకు మించిన ఆట లేదు. పెంకులు పేర్చడానికి వంగాలి, బంతి గురి చూసి విసరాలి, వీపు మీద బంతి తగలకుండా పక్కలకు తప్పుకోవాలి, పది క్షణాలు ప్రాణం పెట్టి పరిగెత్తి ఆగి ఊపిరి పీల్చుకోవాలి. వయసుతోపాటు ముందుగా సన్నబడేవి చురుకైన కదలికకు పనికివచ్చే కండపోగులు. కాలు జారినప్పుడు పడిపోకుండా నిలబెట్టేవి అవే, పార్కు చుట్టూ నింపాదిగా ఎన్ని చుట్లు తిరిగినా వాటికి పెద్దగా పని తగలదు. మొదటి రెండు వారాలు నడుస్తూ ఆడండి. పరిగెత్తినవాళ్లు ఔటు అన్న నియమం పెట్టుకుంటే నవ్వు ఇంకా ఎక్కువ వస్తుంది.

పెంకులు ఈ నగరంలో ఇప్పుడు దొరకవు. మేం వెతికి వెతికి, స్నానాల గది మరమ్మతులో మిగిలిన టైల్స్‌ను చదరపు ముక్కలుగా కోయించి, అంచులు అరగదీయించాం. టెన్నిస్ బంతి చాలు, క్రికెట్ బంతి వద్దు. పోయిన వారం 67 ఏళ్లావిడ విసిరిన దెబ్బకు ఒక ముక్క రెండుగా విరిగింది. అది ఒక పెంకు కింద లెక్కా రెండు పెంకుల కింద లెక్కా అనే తగువు ఇంకా తేలలేదు.